పగిలిన బండకు పైసలెవరు కట్టాలె?

పెత్రామాసకు చెన్నూరు పోయిన. బొందలగడ్డ మీద మా తాత సమాధి బండ రెండు ముక్కలై ఉంది. పక్కన బీరు సీసాలు. బాపు ఏమనలేదు. తెల్లారి మేస్త్రిని, సిమెంటు సంచిని తెచ్చి బాగు చేయించిండు. పైసలు మావే.

హాస్టల్‌కు వచ్చినంక చట్టం వెతికిన. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్ దీనికే. పాత ఐపీసీలో 297. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే మనసు నొప్పించాలనే ఉద్దేశమో, నొచ్చుకుంటారని తెలిసి చేయడమో రుజువు కావాలి. "మత్తుల తెల్వక తగిలింది సార్" అంటే?

దోషి అని తేలితే రిపేరు ఖర్చు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. నాగరిక సురక్షా సంహిత, 395. ఒక్క బండ కోసం అందాక కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతరు?

విచిత్రమేందంటే, తాగి నలుగురిలో అల్లరి చేస్తే 355 కింద సమాజ సేవ శిక్షగా వేయొచ్చు. 301లో ఆ మాటే లేదు. నన్నడిగితే ముందు ఉండాల్సింది అక్కడే. వాడు జైల్లో కూర్చుంటే మా తాత బండ అతుక్కోదు. వాడే ఇసుక మోయాలె, మేస్త్రి కూలి కట్టాలె.

ఫోన్‌లో ఇదంతా చెప్తే బాపు నవ్విండు. "ముందుగాల వాడు దొరకాలె గద బిడ్డా."