చేతులు నేలను తాకకపోయినా...

‘యోగానా? నావల్ల కాదండీ. వంగితే చేతులు నేలను తాకవు!’ చాలామంది తొలిరోజే చేతులెత్తేయడానికి చెప్పే కారణం ఇదే. 1934లో మైసూరు చేరిన ఓ పదిహేనేళ్ల కుర్రాడి పరిస్థితీ అంతే. మలేరియా, టైఫాయిడ్‌, క్షయ... ఒకదాని వెంట ఒకటి పీల్చి పిప్పిచేసిన ఒళ్లు. వంగబోతే బిగుసుకుపోయేది. ఆరోగ్యం బాగుపడుతుందని అతడికి ఆసనాలు నేర్పింది బావ తిరుమలై కృష్ణమాచార్య. మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్‌ అండతో అక్కడి జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన గురువాయన. ఆ కుర్రాడే బి.కె.ఎస్‌.అయ్యంగార్‌. 95 ఏళ్లు జీవించి, 2014లో కన్నుమూశారు.

ఒళ్లు వంగనివారి బాధ ఆయనకు బాగా తెలుసు. అందుకే తాళ్లు, దుప్పట్లు, చెక్కదిమ్మెలు, కుర్చీలు ఆసరాగా ఇచ్చి ఆసనాలు వేయించారు. చేయి నేలను తాకకపోతే దిమ్మెమీద ఆనించొచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు!

అసలు యోగాలో ఆసనాల వాటా ఎంత? పతంజలి యోగసూత్రాలు దాదాపు రెండొందలు. వాటిలో నేరుగా ఆసనం గురించి చెప్పేవి మూడే. స్థిరంగా, సుఖంగా ఉండాలన్నదే ఆయన షరతు. అష్టాంగాల్లో ఆసనానిది మూడోస్థానం. అహింస, సత్యం లాంటి యమాలు, శుచి, సంతోషం లాంటి నియమాలు దానికన్నా ముందుంటాయి. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక వివరించే ఆసనాలు పదిహేను. ఇప్పుడు క్లాసుల్లో ఒకదాని తర్వాత ఒకటి చకచకా వేసే ఆసనాల వరసలు చాలావరకూ ఇరవయ్యో శతాబ్దంలో రూపుదిద్దుకున్నవే.

మరి ఉపయోగం మాటేమిటి? దీర్ఘకాలిక నడుంనొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ మార్గాల్లో యోగానూ చేర్చింది అమెరికన్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఫిజీషియన్స్‌, 2017లో. ఒత్తిడి తగ్గడానికీ, పెద్దవయసులో తూలిపోకుండా నిలదొక్కుకోవడానికీ కూడా యోగా సాయపడుతుంది. అలాగని ‘ఆసనాలు వేస్తున్నాంగా’ అంటూ బీపీ, షుగర్‌ మాత్రలు సొంతంగా మానేస్తే ప్రాణాలమీదికి వస్తుంది. యోగా మందుకు తోడు, బదులు కాదు. గ్లకోమా ఉన్నవారు తలకిందులుగా నిలబడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. శీర్షాసనం వారికి వద్దు. బీపీ ఎక్కువగా ఉన్నవారూ, గర్భిణులూ కపాలభాతి జోలికి వెళ్లకూడదు. టీవీ చూసి మొదలెట్టేకంటే, మన జబ్బుల సంగతి విని నేర్పే గురువు దగ్గర నేర్చుకోవడం మేలు.

రేపు పొద్దున్నే మొదలుపెట్టాలనుకుంటున్నారా? కాస్త ఖాళీ కడుపు, ఒక దుప్పటి, పదిహేను నిమిషాలు చాలు. పక్కవాళ్లు ఎంత వంగారో చూడొద్దు. మీ ఊపిరి తేలిగ్గా ఆడుతోందా, లేదా... అది చూసుకోండి. ఆయాసం వచ్చిందంటే ఒక మెట్టు దిగాలి. నొప్పి పుట్టిందంటే ఆపేయాలి. స్థిరంగా, సుఖంగా ఉండగలిగితే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయినా... మీరు చేస్తున్నది యోగానే!