రేవు పాటయు ప్రయాణికుని ప్రాణమును

కార్వాన్ అను పేటపేరునకు అర్థము బిడారు. గోలకొండ వెలిగిన దినములలో దూరదేశముల వర్తకుల బిడారులు మూసీ చెంత విడియుచు వచ్చిన చోటగుటచే దీని కా పేరు నిలిచినది. 1671 నాటి టోలీ మసీదు నేటికిని ఆ కోట బాట ప్రక్కనే నిలిచియున్నది. సముద్రమునకు ఇన్ని యామడల దూరమున నున్న ఈ పేట పాఠకులకు గోదావరి మొగలందలి స్టీమర్లను గూర్చియు, పడవ రేవులను గూర్చియు చెప్పనేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. బిడారు బాటకు రెండవ కొన సముద్రపు రేవేయని మా ప్రత్యుత్తరము. ఇచ్చటి సరకు బందరున ఓడ యెక్కెడిది. గోదావరి పాయ మొగనున్న నరసాపురము ఆ కాలమున ఓడలు కట్టుటకు పేరెన్నిక గన్నది. 1652 లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే పారశీక తీరమునుండి బందరునకు వచ్చినది గోలకొండ సుల్తానుగారి యోడలోనే. ఆనాడు ఈ రాజ్యము పరదేశపు బాటసారిని తన సొంత యోడలో కడలి దాటింప గలిగినది. నేడు మన ప్రభుత్వములు మన పల్లెటి బాలికను గోదావరి పాయ క్షేమముగ దాటింప లేకున్నవి. ఈ వ్యత్యాసమును గూర్చియే యీ వారము నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ధవళేశ్వరమునకు దిగువ గోదావరి చీలిపోవును. తూర్పుపాయయగు గౌతమి యానాము మీదుగను, పడమటిపాయయగు వసిష్ఠ నరసాపురము మీదుగ అంతర్వేదికిని బోయి సముద్రము గలియును. వసిష్ఠనుండి వైనతేయ మరల చీలును. వీని నడుమనున్నది కోనసీమ. చుట్టును నీరు, నీటి నడుమ లంకలు. అచ్చటివారు అంగడికి బోవలెనన్నను, ఆసుపత్రికి బోవలెనన్నను, పిల్లలను బడికి బంపవలెనన్నను చిరకాలము పడవయే గతి. కోటిపల్లి-ముక్తేశ్వరము, సఖినేటిపల్లి-నరసాపురము, ఎదుర్లంక-యానాము రేవులు తరతరములుగ ఆ ప్రజలకు వీధివాకిళ్లవంటివి. సముద్రపు పోటు వచ్చినపుడు నీరు ఎదురెక్కును. పాటు తగిలినపుడు ఇసుకమేటలు బయలుపడును. శ్రావణ భాద్రపదములలో వరద యురవడించును. ఇట్టి నీటిలో పడవ నడుపుట యొక విద్య. ఆ విద్య తెలిసినవాడు తెలియనివాడు ఎవడో యెక్కువాని కెరుకపడదు. వాడు రేవును నమ్మి యెక్కును.

ఈ నీటిబాటల చరిత్రము స్వల్పమైనది కాదు. 1847 లో మొదలై 1852 లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో కాటను దొర కాలువలను పైరులకే గాక పడవలకును అనువుగ దీర్చెను. లాకుల ద్వారమున పడవలు ఎక్కుచు దిగుచు కాకినాడకును, నరసాపురమునకును, ఏలూరు మీదుగ బెజవాడకును సాగినవి. అచ్చటినుండి దక్షిణముగ సాగి బకింగుహాము కాలువ ద్వారా చెన్నపట్టణము చేరుటకును వీలయ్యెను. ఆ దొర మనోరథ మంతటితో తీరలేదు. గోదావరి పైభాగమునను స్టీమర్లు నడిపి, మన నైజాము రాష్ట్రపు టంచు వెంబడి వార్ధానది ప్రత్తి సీమల వరకు నీటిబాట వేయవలెనని ఆయన తలచెను. 1860 దశకమున దుమ్ముగూడెము మొదలగు చోట్ల ఆనకట్టలు, లాకులు ఆరంభించిరి. 1871 లో పని విడిచిపెట్టిరి. భద్రాచల యాత్రికులు దుమ్ముగూడెమున నేటికిని ఆ యానకట్టను చూడవచ్చును. నీటిబాట చవుకయని కాటను ఎంత మొరపెట్టుకొన్నను, ధనమును మనసును ఇనుపబాట వైపునకే మరలినవి. 1874 లో హైదరాబాదునకు రైలు వచ్చెను. 1889 నాటి కది బెజవాడ చేరెను.

రైలుబాట గోదావరి యిరుగట్లను చేరిన తరువాతను కొన్నేండ్లు కొవ్వూరునకును రాజమహేంద్రవరమునకును నడుమ ప్రయాణికులను స్టీమరే దాటించెడిది. 1897 లో ఆరంభమైన రైలువంతెన 1900 లో తెరువబడగనే ఆ స్టీమరు పని తీరినది. ఇందు వింత లేదు. వంతెన వచ్చిన చోట నావ తొలగుట సహజమే. కాని వంతెన రాని పాయలమాట యేమి? అచ్చట గడపడవలు, తరువాత ఇంజను పడవలు, లాంచీలు, పంటులు మాత్రమే మిగిలినవి. ప్రధానమగు బాటకు ప్రభుత్వము పూచీపడెను. లంకల బాట పాటదారుని పాలయ్యెను.

పాటదారు డనగా నెవడు? 1890 నాటి మద్రాసు కాలువల, ప్రజారేవుల చట్టము రేవును ప్రజల సొత్తుగ నంగీకరించుచునే, అచ్చట సుంకము వసూలు చేయు హక్కును గుత్త కిచ్చుటకు త్రోవ తీసినది. ఆ హక్కు వేలమున నెక్కుచు వచ్చినది. ఎవడు హెచ్చు పాట పాడునో వానికే రేవు. పాట సొమ్ము ముందు చెల్లించినవాడు దానిని ఎట్లు రాబట్టుకొనును? కేవు పెంచి రాబట్టుకొనును. లేదా ఇరువదిమంది పట్టు పడవలో నలువది మందిని నింపి రాబట్టుకొనును. లేదా కుళ్లిన పలకను మరియొక సంవత్సరము నడిపి రాబట్టుకొనును. ఇందు పాటదారుని దుర్మార్గుడని దూషించి లాభము లేదు. మన మేర్పరచిన పద్ధతియే వాని నీ మూడు త్రోవలలో నొకదానికి త్రోయుచున్నది.

పెద్ద యోడల కంపెనీల చరిత్రమును ఇంతకు భిన్నము కాదు. కాకినాడ మొదలగు రేవులనుండి మన తెలుగు కూలీలు రంగూనునకు బోయినది బ్రిటిషు ఇండియా స్టీము నావిగేషను కంపెనీ యోడల డెక్కుమీదనే. ప్రాత కోరంగి రేవు పేరటనే బర్మాలో తెలుగువారిని కోరంగీ లనిరి. అట్టి కంపెనీల గుత్తాధిపత్యమును ఎదుర్కొన మనవారు యత్నింపకపోలేదు. 1884 లో జ్యోతిరింద్రనాథ ఠాకూరు వంగదేశమున ఖుల్నా-బరిసాలు నదీమార్గమున సొంత స్టీమర్లను నడిపెను. తెల్లవారి ఫ్లోటిల్లా కంపెనీతో కేవు తగ్గింపు పోటీ పడి ఆయన చితికిపోయెను. 'స్వదేశి' యను స్టీమరు హౌరా వంతెనకు దగిలి మునిగెను. 1906 లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లెగారు స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని స్థాపించి, 'గాలియా', 'లావో' యను రెండు ఓడలను తెప్పించి కొలంబోకు నడిపిరి. ప్రత్యర్థి కంపెనీ కేవును నేలబెట్టెను. ప్రభుత్వము 1908 లో పిళ్లెగారిని చెరబెట్టెను. 1911 నాటికి కంపెనీ మూతపడెను. కేవు తగ్గినన్నాళ్లు ప్రయాణికుడు సంతసించెను. స్వదేశీ యోడ మాయమైన నాడు వానికి మరల ఒకే కంపెనీ, ఒకే ధర మిగిలెను.

ఈ త్యాగములు వృథా కాలేదు. సింధియా కంపెనీవారు 1919 లో 'లాయల్టీ' యోడను లండనునకు నడిపిరి. 1941 లో బాబూ రాజేంద్రప్రసాదు విశాఖపట్టణమున ఆ కంపెనీ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14 న జవహర్‌లాల్ నెహ్రూ అచ్చటనే 'జల ఉష'ను నీట దింపిరి. తెలుగుగడ్డపై కట్టిన యోడ మహాసముద్రమున దిగినదని ఆంధ్రు లుప్పొంగిరి, ఉప్పొంగదగినదే. కాని ఆ గడ్డమీదనే, లంక దాటు పడవ మాత్రము ప్రాత పాటలోనే చిక్కియుండెను. విదేశీ కంపెనీ పోయినంత మాత్రమున ప్రయాణికునకు రక్షణ కలుగదని ఆ పిదప జరిగిన సంగతులు చాటుచున్నవి.

2018 జూలై 14 న గౌతమీ ప్రాంతమున పశువుల్లంక కడ నాటుపడవ బోల్తాపడినది. బడినుండి ఇండ్లకు మరలుచున్న బాలికలు నీటిపాలైరి. ఆ పడవ దేనికి దగిలెను? కట్టుచు కట్టుచు ఇంకను ముగియని వంతెన స్తంభమునకు! వంతెన వచ్చును, అంతదాక పడవలో దాటుడని చెప్పిన చోటనే ఆ పిల్లల కీ గతి పట్టినది. అదే సంవత్సరము మే నెలలో దేవీపట్నము ప్రాంతమున లాంచీ మునిగి గిరిజనులు పలువురు మరణించిరి. 2019 సెప్టెంబరు 15 న కచ్చులూరు కడ పాపికొండలు చూడబోవుచున్న పడవ వరదలో మునిగెను. అందున్నవారు 77 మంది. బ్రతికి గట్టెక్కినవారు 26 మంది. మృతులలో హైదరాబాదువారును, ఓరుగల్లు ప్రాంతమువారును గలరు. ఆ పడవను నదీగర్భమునుండి వెలికి దీయుటకే అక్టోబరు 22 వరకు పట్టినది. గోదావరి రేవు మనకు దూరపు సంగతియని కార్వాన్ పాఠకుడు తలచెనేని, ఆ మృతుల పట్టిక నొకమారు తలచుకొనవలెను.

చట్టములు లేవా యన్నచో, కలవు. 1917 నాటి ప్రాత చట్టము తొలగి 2021 లో దేశీయ జలనౌకల నూతన చట్టము వచ్చినది. పడవ నమోదు, తనిఖీ, భీమా అన్నియు అందు గలవు. కచ్చులూరు పిదప విహార పడవలకు నియంత్రణ కేంద్రములు తలపెట్టబడినవి. కాకినాడనుండి పుదుచ్చేరి వరకు నాలుగవ జాతీయ జలమార్గము 2008 లోనే ప్రకటింపబడినది. కాని ఈ జలమార్గమున సాగవలసిన సరకును గూర్చి విన్నంతగ దినదినము పాయ దాటు మనుష్యుని గూర్చి వినము. చట్టమును అమలు జరుపవలసినవారు ఒక శాఖవారు; రేవు పాట పెట్టువారు మరియొకరు; వరద సంగతి తెలిసినవారు ఇంకొకరు. పడవ మునిగిన నాడు ముగ్గురును గట్టుమీదనే యుందురు.

మరి కర్తవ్యమేమి? ఉత్తరము హైదరాబాదు చరిత్రములోనే గలదు. 1932 లో నైజాము రాష్ట్రపు రైల్వేవారు 27 బస్సులతో ప్రయాణికుల సర్వీసు నారంభించిరి. ఉభయ తెలుగు రాష్ట్రముల ఆర్టీసీలకు మూలము ఆ 27 బస్సులే. మారుమూల పల్లెకు బస్సు నడుపుట లాభమా నష్టమా యని మాత్రమే చూచియుండినచో ఎన్ని పల్లెలకు బస్సు వచ్చెడిది? రోడ్డుమీది ప్రయాణికునకు చూపిన యా దయ నీటిమీది ప్రయాణికునకు ఏల చూపరాదు? కేరళమున 1968 నుండి ప్రభుత్వ జలరవాణా శాఖయే యున్నది. 2017 లో ఆ శాఖ వైక్కము-తవణక్కడవు రేవున సూర్యరశ్మితో నడుచు 'ఆదిత్య' పడవను దింపినది. 2023 లో కొచ్చిలో లంకలను కలుపు జలమెట్రో మొదలైనది. అచ్చటి నీరును ఇచ్చటి నీరును ఒకటే.

ప్రభుత్వము నడిపిన పడవ మునుగదా యని కొందరాక్షేపింతురు. మునుగును. 2002 జూలై 27 న కేరళమున కుమరకము కడ ప్రభుత్వపు పడవయే మునిగి 29 మంది మరణించిరి. అయితే అచ్చట జవాబుదారి యెవరో వెదకనక్కరలేకపోయెను; న్యాయమూర్తి విచారణ జరిగెను; శాఖయే బోనులో నిలువవలసి వచ్చెను. పాటదారుని పడవ మునిగినచో బోనులో నిలుచువాడు సరంగొక్కడే; వాడును ఒక్కొక్కప్పుడు మృతులలో నుండును. వంతెనలు కట్టిన చాలదా యని మరికొంద రందురు. కట్టవలసినదే. ఎదుర్లంక-యానాముల నడుమ బాలయోగి పేరి వంతెన ఎంత మేలు చేసినదో ఆ ప్రాంతమువా రెరుగుదురు. కాని ప్రతి లంకకు వంతెన రాదు. వచ్చువరకు ప్రాణములు ఆగవు. పశువుల్లంక స్తంభమే యిందుకు సాక్షి.

కావున మేము కోరునది యిది. రేవును ఆదాయపు పద్దునుండి తొలగింపవలెను. పాట పెట్టక తప్పదన్నచో, హెచ్చు సొమ్ము చెప్పినవానికి గాక, తక్కువ కేవుకు మంచి పడవ నడుపువానికే రేవు నీయవలెను. ప్రతి పడవ ప్రక్కను ఎందరు పట్టుదురో తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి, నీరెంతవరకు రావచ్చునో గీత గీయవలెను. సరంగునకు పరీక్ష, ప్రయాణికునకు తేలుడు చొక్కా, రేవున వరద సూచిక యుండవలెను. సూచిక మించిననాడు కలెక్టరు వచ్చి యాపువరకు వేచియుండక రేవే మూతపడవలెను. క్రమముగ పాయల రేవులన్నియు ఆర్టీసీవంటి యొక ప్రజాసంస్థకు చేరవలెను. ఇందుకగు వ్యయము ఒక్క పెద్ద రోడ్డు వ్యయమున కెంతవంతు?

మన పఠనమందిరములలో రాజకీయములు చర్చించు పెద్దలు ఈ ప్రశ్నను తమ శాసనసభ్యు నొకమారు అడుగుదురు గాక. తెల్లవాని కంపెనీని నిందించి మనము తృప్తిపడిన కాలము కడచినది. నేడు రేవు మనది, పాట మనది, పాట సొమ్ము చేరు బొక్కసము మనది. ఆ నీట మునిగిన బిడ్డలును మనవారే.