వెలుతురు గూళ్లు, దిగలేని మెట్లు



గోదావరి జిల్లాల వైపు ఒక గ్రామ సంఘమునుండి మాకు ఉత్తరము వచ్చింది. వారి దేవాలయము తాతల కాలము నాటిది. గోడలు గట్టిగానే ఉన్నాయి గాని కప్పు కారుతున్నది. యౌవనస్థులు కూల్చి కొత్తది కడదామంటున్నారట. పెద్దలు ఒక్క రాయి కదిపినా ఒప్పుకొనేది లేదంటున్నారట. “మీరేమంటారు?” అని అడిగారు. మేము ఇంజనీర్లము కాము. కంటితో చూడని కప్పు గురించి తీర్పు చెప్పడము తగదు. అయితే పాత కట్టడమును బాగుచేసేటప్పుడు ఎన్ని చిక్కులు ఎదురవుతాయో చూపే సంగతి ఒకటి చాలాకాలముగా మా మనసులో ఉన్నది. అది దేవాలయము సంగతి కాదు, రైలు స్టేషను సంగతి. అదీ భూమి కింద ఉన్న స్టేషను.

భూమి కింద రైలంటే మన దేశములో మొదట కలకత్తాలో వచ్చింది, 1984 అక్టోబరు 24న. లండను నగరములో అంతకు 121 సంవత్సరముల ముందే, 1863 జనవరి 10న, ప్రపంచములోనే మొదటిసారిగా అలాంటి రైలు నడిచింది. పాడింగ్టన్ మొదలుకొని ఫారింగ్‌డన్ వరకు సుమారు 6 కిలోమీటర్లు, 7 స్టేషనులు. వాటిలో ఒకటి బేకర్ స్ట్రీట్. మేము చెప్పబోయేది ముఖ్యముగా దాని గురించే.

అప్పట్లో సొరంగము తొలిచే యంత్రములతో పని జరగలేదు. రోడ్డును నిలువునా తవ్వారు, రెండు పక్కల ఇటుక గోడలు లేపారు, పైన ఇటుక కమాను వేశారు, మట్టి కప్పి మళ్లీ రోడ్డు పరిచారు. మన ఊరి కాలువ మీద కల్వర్టు కట్టే తీరే, కాకపోతే మైళ్ల పొడవున. ఇంజనీరు జాన్ ఫౌలర్. 1862 జూన్‌లో ఫ్లీట్ అనే పాత వాగు, అప్పటికే మురుగు కాలువగా మారినది, గట్టు తెంచుకొని పనులను ముంచేసింది. అయినా ఆగలేదు.

ఈ రైలు కావాలని ఏళ్ల తరబడి పోరాడినవాడు చార్లెస్ పియర్సన్ అనే న్యాయవాది. లండను నడిబొడ్డున ఇరుకు ఇళ్లలో మగ్గుతున్న కూలి జనము ఊరి బయట గాలి తగిలే చోట ఉండి, రైలెక్కి పనికి రావచ్చునని ఆయన ఆశ. ప్రారంభమునకు నాలుగు నెలల ముందు, 1862 సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. 1864లో కూలీల కోసము తెల్లవారుజామున ప్రత్యేకమైన రైళ్లు నడిపారు, రానుపోను 3 పెన్నీలే. అయితే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రైలు దారి కోసము పడగొట్టిన ఇళ్లలో పేదల కొంపలే ఎక్కువ. ఇంటి యజమానులకు డబ్బు ముట్టింది. వారమువారము అద్దె కట్టుకొని ఉండేవారు మాత్రము మూట నెత్తిన పెట్టుకొని మరొక ఇరుకు సందు వెదుక్కున్నారు.

ఆ రోజులలో జాన్ కమ్మింగ్ అనే పేరుమోసిన బోధకుడు లండనులో ఉండేవాడు. భూమిని ఇలా తవ్వుకుంటూ పోతే పాతాళము దాకా వెళ్లి సాతానును కదిలించి లోకాంతమును త్వరపెడతారని ఆయన హెచ్చరించినట్లు చెప్పుకుంటారు. మన బోధకులలో కొత్తదేది వచ్చినా ముందుగా సాతాను పేరెత్తేవారు అన్ని కాలములలోను ఉన్నారన్నమాట! ప్రధానమంత్రి పామర్‌స్టన్‌ను ప్రారంభ విందుకు పిలిస్తే, ఈ వయసులో వీలైనంత కాలము భూమి పైనే ఉండాలని ఉన్నదని తప్పించుకొన్నాడట. జనము మాత్రము భయపడలేదు. మొదటి రోజునే సుమారు 38,000 మంది ఎక్కారు. మొదటి సంవత్సరములో 95 లక్షల ప్రయాణములు జరిగాయి.

ఇక స్టేషను కట్టిన తీరు. అది మేరిల్‌బోన్ రోడ్డు కింద, రోడ్డు వెంబడే తూర్పు పడమరలుగా సాగుతుంది. మధ్యలో రెండు పట్టాలు, రెండు పక్కల రెండు ప్లాట్‌ఫారాలు, వీటన్నిటి మీదుగా ఒకే ఇటుక కమాను. మధ్యలో స్తంభమన్నది లేదు. కమాను మొదలయ్యే చోట, రెండు గోడలలోను, వరుసగా గూళ్లు వదిలారు. మన పాత ఇళ్లలో దీపపు గూడు వంటిది కాదు, మనిషికంటె పెద్దది. ఒక్కొక్క గూడు ఏటవాలుగా పైకి వెళ్లి రోడ్డు పక్కన తెరుచుకొంటుంది. లోపలి గోడలకు తెల్లని నునుపు పలకలు అతికించారు. పైనుండి పడే పగటి వెలుతురు వాటి మీద తగిలి ప్లాట్‌ఫారముల మీదికి జారాలని ఉద్దేశము. పొగ కూడా వాటిగుండానే బయటికి పోవాలి.

పొగ ఎందుకంటే అప్పట్లో కరెంటు రైలు లేదు. బొగ్గు మండించే ఆవిరి ఇంజనులనే సొరంగములో నడిపారు. ఆవిరిని బయటికి వదలకుండా ఇంజను మీది నీళ్ల తొట్టిలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. ఆవిరికైతే అది పనికివచ్చింది, పొగకు పనికిరాలేదు. 1905లో విద్యుత్తు వచ్చేదాకా నలభై ఏళ్లకు పైగా ఆ స్టేషనులో జనము దగ్గుకుంటూనే రైలెక్కారు.

తరువాత జరిగినదానిని మన ఉమ్మడి కుటుంబపు ఇంటితో పోల్చవచ్చును. పెద్దవాడి పెళ్లికి ఒక గది, చిన్నవాడి పెళ్లికి ఒక వసారా, వెనుక ఒక పాక. 1868లో ఉత్తర దిక్కునకు ఒక శాఖ తీసి పక్కన వేరే ప్లాట్‌ఫారములు కట్టారు. 1906లో బాగా లోతున, గుండ్రని గొట్టము వంటి సొరంగములో బేకర్లూ లైను వచ్చింది. 1979లో దాని పక్కనే జూబ్లీ లైను వచ్చింది. నేడు లెక్క చూస్తే 10 ప్లాట్‌ఫారములు. లండను భూగర్భ స్టేషనులలో మరి దేనికీ అన్ని లేవు. 1863 నాటి రెండింటికి 5, 6 అని నంబర్లు. 1 నుండి 4 వరకు ఉత్తరపు శాఖవి. 7 నుండి 10 వరకు పాతాళములోనివి. ఆ లోతున మాత్రము ఒక మంచి ఏర్పాటు చేశారు. ఒకే దిక్కునకు పోయే బేకర్లూ, జూబ్లీ రైళ్లు ఒకే ప్లాట్‌ఫారమునకు ఇటూ అటూ ఆగుతాయి. నాలుగడుగులు వేస్తే చాలు, ఒక మెట్టు కూడా ఎక్కకుండా రైలు మారవచ్చును. మిగతా చోట్ల మెట్లు, మలుపులు, మళ్లీ మెట్లు. అప్పటి అవసరమును బట్టి చేర్చుకుంటూ పోయినదే తప్ప మొత్తమును ఒక్కసారి కూర్చుని గీసినవాడు ఎవడూ లేడు.

ఇక్కడొక వింత ఉన్నది. 1906లో ఆ లోతు ప్లాట్‌ఫారములకు దిగడానికి లిఫ్టులే ఉండేవి. 1914లో ఎస్కలేటర్లు, అనగా కదిలే మెట్లు వచ్చాయి. జనము త్వరగా దిగుతారని వాటినే మెచ్చుకొన్నారు, కాలక్రమేణ లిఫ్టులు పోయాయి. కుంటివారికి, చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి ఉన్న ఒక్క దారీ అలా మూసుకుపోయింది.

1983, 84 సంవత్సరములలో 5, 6 ప్లాట్‌ఫారములను 1863 నాటి రూపమునకు వీలైనంత దగ్గరగా మరలా తీర్చిదిద్దారు. ఇటుక కమాను ఇటుకగానే కనబడుతుంది. గూళ్లు వరుసగా వెలుగుతూ ఉంటాయి. అయితే ఆ వెలుగు సూర్యునిది కాదు, గూళ్లలో అమర్చిన విద్యుద్దీపములది. మేము ఫోటోలు చూచి మొదట పగటి వెలుతురే అనుకొన్నాము. కొందరు దీనిని నటన అనవచ్చును గాని మాకట్లా తోచలేదు. కట్టినవారు ఏమి తలంచారో ఆ దీపములు చూపుతున్నాయి. ఇప్పుడది చట్టము కాపాడే చారిత్రక కట్టడము. 2013 జనవరిలో 150 ఏళ్ల పండుగకు 1898 నాటి పాత ఆవిరి ఇంజనును ఆ పట్టాల మీద మళ్లీ నడిపారు. జనము ముచ్చటపడి ఫోటోలు తీసుకొన్నారు.

అయితే బాగుచేయడమంటే అందము తేవడము ఒక్కటే కాదని అదే లైనులోని మరొక స్టేషను నేర్పింది, ఎంతో దుఃఖముతో. 1987 నవంబరు 18 సాయంత్రము కింగ్స్ క్రాస్ స్టేషనులో కొయ్య ఎస్కలేటరు కింద మంట లేచింది. ఎవరో వెలిగించి పడవేసిన అగ్గిపుల్ల మెట్ల సందులోనుండి జారి, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, చెత్త మీద పడింది. కాసేపు చిన్న మంటగానే కనబడింది. తరువాత క్షణములలో టికెట్టు హాలును చుట్టేసింది. 31 మంది చనిపోయారు. వారిలో ఒకరు ఎవరో 2004 వరకు ఎవరికీ తెలియలేదు. పదహారేళ్లు ఆ సమాధికి పేరు లేదు. న్యాయవాది డెస్మండ్ ఫెన్నెల్ విచారణ జరిపి 157 సూచనలు చేశారు. కొయ్య ఎస్కలేటర్లను తీసివేయడము మొదలైంది. పాతదని, ముచ్చటగా ఉన్నదని ఎంత ప్రేమించినా, దాని కింద ఏమి పేరుకున్నదో ఎవరో ఒకరు వంగి చూడాలి గదా. కారుతున్న కప్పు గల సంఘమువారు ముందుగా దూలములకు చెద పట్టినదేమో, కరెంటు తీగెలు ఏ స్థితిలో ఉన్నాయో చూపించుకొంటే మంచిది. రంగుల మాట తరువాత.

ఇక మెట్ల సంగతి. మా సంఘములోని ఒక కుటుంబపు అమ్మాయి ఇంగ్లండులో నర్సు. ఆమె తల్లి రెండు నెలలు అక్కడ ఉండి వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి. రైళ్లు ఎట్లా ఉన్నాయమ్మా అని అడిగితే, “ఎక్కడానికి కాదు అయ్యగారూ, దిగడానికే భయము” అన్నది. బయలుదేరేముందు కూతురు ఒక పటము తీసి చూచేదట. అందులో కొన్ని స్టేషనుల పక్కన చక్రాల కుర్చీ గుర్తు ఉంటుంది. నీలిరంగు గుర్తయితే వీధినుండి రైలు పెట్టె దాకా ఒక్క మెట్టు కూడా లేదని అర్థము. తెల్లగుర్తయితే ప్లాట్‌ఫారము దాకా మెట్లుండవు గాని రైలు ఎక్కేచోట ఎత్తో, సందో ఉంటుంది. గుర్తు లేనిచోటికి వారు బస్సులో వెళ్లేవారు. మొత్తము 272 స్టేషనులలో అలాంటి గుర్తున్నవి సుమారు మూడవ వంతు.

బేకర్ స్ట్రీట్‌కు ఆ గుర్తు లేదు. లిఫ్టులు పెట్టాలని ఒక పథకము వేశారు. రోడ్డు దగ్గర ఉన్న ఒక ముక్కోణపు కట్టడమును తీసివేసి, అక్కడినుండి 5, 6 ప్లాట్‌ఫారములకు లిఫ్టు దింపాలని ఆలోచన. 2009లో డబ్బు చాలక వాయిదా వేశారు. గూళ్లలో దీపములు వెలుగుతున్నాయి, చూడవలసినవారిలో కొందరు పైనే ఆగిపోతున్నారు. పాత కట్టడము గనుక కుదరదని అనడానికి కూడా లేదు. అదే 1863 నాటి దారిలోని కింగ్స్ క్రాస్‌కు, ఫారింగ్‌డన్‌కు లిఫ్టులు వచ్చాయి. ఫారింగ్‌డన్‌లో పాత ముఖద్వారము, దాని మీది పాత పేరు చెరపకుండానే ఆ పని చేశారు. అడ్డమొచ్చినది ఇటుక కాదు, ఎవరి పని ముందు, ఎవరి పని వెనుక అనే లెక్క.

వికలాంగుల హక్కుల కోసము వారి దేశములోను మన దేశములోను చట్టము వచ్చినది ఒకే సంవత్సరము, 1995. మన హైదరాబాదు మెట్రో 2017లో మొదలైంది. కొత్తగా కట్టినది గనుక మొదటినుండే ప్రతి స్టేషనుకు లిఫ్టు పెట్టారు. పాతదానికి చేర్చడమే కష్టము. మన పల్లెలలోని పాత దేవాలయములు చాలా వరకు ఎత్తైన అరుగు మీద ఉంటాయి. అయిదారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు. పక్కగా ఒక వాలుదారి పోయడానికి ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో మీ ఊరి మేస్త్రిని అడిగితే చెబుతాడు. పండుగ రోజున ముసలివారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చే సంఘములు మాకు తెలుసు. అది ప్రేమే. కాని ప్రతి ఆదివారము నలుగురు దొరకరు. మోయించుకోవడము ఇష్టములేక ఇంటివద్దనే ఉండిపోయేవారూ ఉన్నారు.

లండనుకు పడమరగా గ్రీన్‌ఫర్డ్ అనే స్టేషను ఉన్నది. దాని ప్లాట్‌ఫారములు భూమి కింద కాదు, గట్టు మీద ఎత్తుగా ఉంటాయి. కింగ్స్ క్రాస్ అగ్ని తరువాత ఒక్కొక్కటిగా తీసివేస్తూ రాగా, ఆ నగరపు భూగర్భ రైళ్లలో చివరి కొయ్య ఎస్కలేటరు అక్కడ మిగిలింది. 2014లో దానిని కూడా విప్పారు. నిలువు లిఫ్టు తవ్వితే ఖర్చు ఎక్కువని, ఎస్కలేటరు ఖాళీ చేసిన ఆ ఏటవాలు చోటులోనే పట్టాలు పరిచి, వాలుగా ఎక్కే లిఫ్టు పెట్టె అమర్చారు. 2015 అక్టోబరునుండి అది నడుస్తున్నది. పక్కన మెట్లు మెట్లుగానే ఉన్నాయి, నడవగలవారు నడుస్తున్నారు. పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు, చక్రాల కుర్చీవారు, మోకాళ్ల నొప్పులవారు పెట్టెలో ఎక్కి వెళుతున్నారు.