స్కాన్ ఎంత పెద్దదైతే అంత మంచిదా?

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. ఏ సమస్య వచ్చినా మార్కెట్లో అన్నిటికన్నా ఖరీదైన టూల్ కొనేస్తే పనైపోతుందనుకుంటాం. ఆఫీసులో ఐతే లైసెన్సు డబ్బులు పోతాయి, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం దగ్గర కూడా ఇదే లెక్క వేస్తేనే చిక్కు.

మా మేనమామకి బ్లాడర్ కాన్సర్ గడ్డ తీసేశారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే చర్చ. డాలస్‌లో ఉన్న మా బావ "పెట్ స్కాన్ తీయించండి, డబ్బులు నేను పంపిస్తా" అంటాడు. మావయ్యేమో "ఆ గొట్టం పరీక్ష నా వల్ల కాదురా, పొట్ట స్కానింగులో నార్మల్ అని వచ్చిందిగా" అంటారు. నా ఉద్దేశ్యంలో ఇద్దరూ దారి తప్పారు. నేను డాక్టర్ని కాదు, కానీ మానిటరింగ్ సిస్టమ్స్ మీద చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి. అలర్ట్ రాకపోవడం వేరు, సమస్య లేకపోవడం వేరు.

ఈ జబ్బు నూటికి 75 మందిలో కండరం దాకా పోకముందే దొరుకుతుంది. కానీ తిరగబెట్టడం దీని అలవాటు. అందుకే గడ్డ తీశాక 3 నెలలకి మొదటిసారి సిస్టోస్కోపీ చేస్తారు. రిస్కు తక్కువైతే ఆ తర్వాత ఏడాదికి, అక్కణ్ణుంచి ఏటా ఒకసారి. రిస్కు ఎక్కువైతే రెండేళ్ళపాటు ప్రతి 3 నెలలకీ, ఐదేళ్ళు నిండేదాకా 6 నెలలకీ, ఆ పైన ఏటా.

మరి స్కానింగులుండగా గొట్టమెందుకు? ఒక్కోటీ ఏం చూస్తుందో చూద్దాం.

అల్ట్రాసౌండు: చవక, రేడియేషన్ లేదు, నొప్పి లేదు. కానీ చిన్న గడ్డలు తప్పించుకుంటాయి. గోడకి అంటుకుని పలచగా ఉండే రకం అసలు కనపడదు. అదే చాలా ప్రమాదకరమైనది.

సీటీ యూరోగ్రామ్: కిడ్నీలు, మూత్రనాళాల్లో ఏమైనా ఉందా అని చూడ్డానికి కావాలి. ఊరికే తరచూ తీయిస్తే రేడియేషన్ పోగవుతుంది.

ఎమ్మారై: గడ్డ కండరంలోకి దిగిందా లేదా చెప్పడంలో దిట్ట. దాన్ని ఒకే పద్ధతిలో చదవడానికి 2018లో వై-రాడ్స్ అనే స్కోరు కూడా వచ్చింది.

పెట్ స్కాన్: మామూలుగా వాడే ఎఫ్‌డీజీ మందు మూత్రంలోంచే బయటకి పోతుంది. దాంతో బ్లాడర్ మొత్తం వెలిగిపోతుంది. లాగ్ ఫైల్ నిండా నాయిస్ అన్నమాట! జబ్బు వేరే చోటికి పాకిందేమో చూడ్డానికి పనికొస్తుంది గానీ, బ్లాడర్ లోపలి చిన్న గడ్డకి కాదు.

అలాగని సిస్టోస్కోపీ సర్వజ్ఞం కాదు. మామూలు తెల్ల వెలుగులో పలచటి మచ్చలు తప్పిపోతాయి. అందుకే ముందుగా బ్లాడర్లోకి మందు ఎక్కించి నీలి వెలుగులో చూసే పద్ధతి వచ్చింది. కాన్సర్ ఉన్నచోట ఎర్రగా మెరుస్తుంది. ఎన్బీఐ అనే ఇంకో పద్ధతిలో మందు అక్కర్లేదు, 415, 540 నానోమీటర్ల వెలుగులో రక్తనాళాలు కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఐతే నీలి వెలుగులో వాపున్నా, ఈమధ్యే బీసీజీ ఎక్కించినా మెరుస్తుంది. ఫాల్స్ పాజిటివ్! పైగా, గడ్డ తీసేటప్పుడు నీలి వెలుగు వాడితే తిరగబెట్టడం తగ్గుతుందని అంతకుముందు కొన్ని అధ్యయనాలు చెప్పినా, 2022లో వచ్చిన బ్రిటన్ ఫోటో ట్రయల్లో మూడేళ్ళ తర్వాత చూస్తే తేడా రాలేదు. అలర్టులు ఎక్కువైనంత మాత్రాన అవుటేజీలు తగ్గవని మనకి తెలీనిదా?

కాబట్టి "ఏది పెద్ద స్కాన్?" అని కాదు, "ఈ పరీక్ష దేన్ని చూడలేదు?" అని డాక్టర్ని అడగండి. పెద్దవాళ్ళ భయాన్ని కొట్టిపారేయొద్దు. వంగే స్కోపు ఉందేమో కనుక్కోండి, జెల్లీ రాసి కొద్ది నిమిషాల్లో చూసేస్తారు. డబ్బు పంపడం తేలికే. మూడు నెలలకోసారి తారీఖు గుర్తుపెట్టుకుని, పక్కన కూర్చుని తీసుకెళ్ళేవాళ్ళే కరువు. సిగరెట్ మానిపించేవాళ్ళు అంతకన్నా కరువు.

మీరేమంటారు?