నడకలో ఆఖరి సఫ్

పోయిన జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా బుజుర్గ్ ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఏం మియా, ప్రతి ఇత్వార్ ఆడోళ్లను తీసుకొని గుట్టలెంబడి, చెర్వులెంబడి తిరుగుతున్నరంట. జరూరతా ఇది?" అన్నారు. గుస్సాతో అడగలేదు, ఫికర్‌తో అడిగారు. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి "ఇన్షాఅల్లాహ్, తీరిగ్గా చెప్తాను చాచా" అని వచ్చేశాను. ఆ సవాల్ ఆయన ఒక్కరిదే కాదు గనక జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సవరణ. ప్రతి ఇత్వార్ కాదు, నెలకు రెండు. మా నల్లగొండలో నాలుగైదు ఖాందాన్ల వాళ్లం, పదిహేను ఇరవై మందిమి, ఫజర్ తర్వాత ఊరి బయటికి నడుస్తాం. ఒకసారి పానగల్ చెరువు కట్ట, ఒకసారి బత్తాయి తోటల మధ్య బండ్ల బాట, ఒకసారి లతీఫ్ సాహెబ్ గుట్ట. ఐదు కిలోమీటర్లు, మహా అయితే ఎనిమిది. ఎండ ముదరకముందే ఇళ్లకు చేరతాం. ఇంతే మా కథ. కానీ ఈ ఇంతే అన్నదాన్ని నడపడం ఎంత కష్టమో నాకు మొదట్లో తెలియదు.

మొదటి మూడు నెలలు మేం చేసింది నడక కాదు, పిక్నిక్. ఎవరో "ఖాళీ చేతుల్తో నడుచుడేంది, ఒక దేగ్ ఎక్కిద్దాం" అన్నారు. ఎక్కించాం. ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా ఉల్లిగడ్డలు కోసి, తహజ్జుద్ వేళకే లేచి గోష్ కడిగి, సామానుతో పాటు ఆటో ఎక్కి చెరువు కట్టకు వచ్చారు. మేం నడిచొచ్చాం. వాళ్లు వండారు. తిన్నాక మేం చింతచెట్టు కింద నడుం వాల్చాం, వాళ్లు గిన్నెలు తోమారు. ఇంటికొచ్చాక మా బేగం ఒకే మాట అడిగింది. "ఇయ్యాల నేను ఎంత దూరం నడిచిన్నో చెప్పండి?" పొయ్యి రాళ్ల నుంచి నీళ్ల డ్రమ్ము దాకా. నా దగ్గర జవాబు లేదు. షుగర్ ఉన్నది ఆమెకు, నడవమని డాక్టర్ చెప్పింది ఆమెకు, నడిచింది నేను.

దేగ్ ఆ రోజుతో బంద్. ఎవరి నాష్తా వాళ్లది. రెండు రోటీలు, ఖాగీనా, నాలుగు ఖజూర్లు, ఉడకబెట్టిన పల్లీలు. ఎవరైనా బిర్యానీ మాట ఎత్తితే, దావత్ ఇంట్లో పెట్టండి, హాజరవుతాం అంటున్నాను. దీని మీద కొందరు దోస్తులు నారాజ్ అయ్యారు. ఇద్దరు రావడం మానేశారు కూడా. మాననీ.

అసలు సబక్ మాత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట మీద దొరికింది. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ షరమ్‌గానే ఉంటుంది.

మాతో ఒక ఖాలా వచ్చేవారు. అరవై దాటిన మనిషి. షుగర్ గోలీలు వేసుకుంటారు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మా జిల్లాలో మోకాళ్ల మాట వస్తే ఫ్లోరైడ్ మాట రాక తప్పదు. ఆ బోరు నీళ్లు తాగి పెరిగిన తరం అది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ సైంటిస్టులు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. దునియాకు మా ఊరు అలా తెలిసింది. ఫఖర్ పడాలో ఏడవాలో తెలియదు.

ఆ రోజు గుట్ట ఎక్కుతున్నాం. దారి చూపించేవాణ్ని కదా, నేను అందరికంటే ముందున్నాను. నౌజవాన్లు నా వెంట. మాటల్లో పడి పైకి చేరాం. పైన దర్గాలో ఫాతిహా చదివేవాళ్లు చదివారు, చదవనివాళ్లు బయట గాలికి కూర్చున్నారు. (ఈ విషయంలో మాలో బహస్ లేదు. దయచేసి మీరూ మొదలుపెట్టకండి.) ఫోటోలు దిగాం. కింద ఊరంతా కనిపిస్తుంటే ఎవరి ఇల్లు ఎక్కడో వెతుక్కున్నాం. అరగంట గడిచాక ఒక పిల్ల అడిగింది, "నానీ ఏదీ?"

సగం దారిలో ఒక బండ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు ఖాలా. చెమటలు, చేతుల్లో వణుకు. గోలీ వేసుకున్నారు, నాష్తా పైకెళ్లి అందరితో కలిసి చేద్దామని ఆపుకున్నారు. పిల్ల జేబులో చాక్లెట్ ఉండబట్టి సరిపోయింది, అల్హమ్దులిల్లాహ్. పది నిమిషాల్లో తేరుకున్నారు. ఒక్క మాట అనలేదు మమ్మల్ని. "మీరు పోండి బాబా, నాతోని మీకు దేర్ అయితది" అన్నారు, అంతే. మళ్లీ ఇత్వార్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏదో పని చెప్పి మానుకున్నారు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. జమాత్‌తో నమాజ్ చదివించేవాడు దాన్ని హల్కాగా ఉంచాలని, వెనక కమ్జోర్లు, ముసలివాళ్లు, పనుల మీద ఉన్నవాళ్లు ఉంటారని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఫర్మాయించారు. ఈ హదీస్ మనందరం విన్నదే. ఇమామ్ కిరాఅత్ కాస్త లంబా చేస్తే మస్జిద్ బయట కొచ్చి గుర్తు చేసేదీ మనమే. మరి నేను చేసిందేమిటి? నా వెనక ఎవరున్నారో తిరిగి చూడకుండా నడక చదివించాను. ఆఖరి సఫ్‌లో ఎవరున్నారో నాకు ఖబర్ లేదు.

ముగ్గురు సఫర్‌కు వెళ్తే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమన్న హదీస్ కూడా ఉంది. మాది షరయీ సఫర్ కాదు లెండి. మన హనఫీల లెక్కలో దానికి దాదాపు 77 కిలోమీటర్లు ఉండాలి, కాబట్టి ఖసర్ చేయొచ్చా అని అడిగే సోదరులకు జవాబు, చేయకూడదు. కానీ హిక్మత్ అదే. మా దగ్గర ఇప్పుడు అమీర్ ముందు నడవడు. అందరికంటే వెనక నడుస్తాడు. ఆయన సంచిలో గ్లూకోజ్ పొడి, ఓఆర్‌ఎస్ పాకెట్లు, దూది, పట్టీలు. ఆయన్ని దాటి ఎవరూ వెనక ఉండరు. ముందు నడిచేవాడికి దారి తెలిస్తే చాలు, ప్రతి మలుపు దగ్గర ఆగుతాడు. ఆఖరి మనిషి వచ్చి, ఊపిరి పీల్చుకుని, నీళ్లు తాగి సరే అన్నాకే కదులుతాడు. ముందొచ్చినవాళ్లు అప్పటికే రెస్ట్ తీసుకుని, వెనకవాళ్లు రాగానే లేచి నడిచే ఆదత్ ఉంది చూశారా, అదే మహా జుల్మ్. బలమున్నవాడికి ఆరాం, లేనివాడికి పరుగు. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఏదైనా తినకుండా మొదటి అడుగు వేయకూడదు. బయల్దేరేటప్పుడు ఒకసారి, ఆగిన ప్రతిచోటా ఒకసారి తలకాయలు లెక్కపెడతాం. నౌజవాన్లకు ఇది బోర్. వాళ్లకు వేరే రోజు వేరే గుట్ట ఉంది, పరిగెత్తుకోనీ.

ఇంకో సంగతి మగవాళ్లకు తట్టనే తట్టదు. కొత్త దారి అనుకుంటే వారం ముందు ఇద్దరు ముగ్గురం వెళ్లి చూసొస్తాం. మొదట్లో మేం మగవాళ్లమే వెళ్లి, నీడ ఉందా, కుక్కలున్నాయా, చాయ్ హోటల్ ఉందా అని చూసి ఖుష్ అయ్యేవాళ్లం. మా బేగం ఒకసారి వెంట వచ్చి అడిగిన మొదటి సవాల్, "బాత్‌రూమ్ ఎక్కడ?" ఆలోచించండి. మూడు గంటల నడకలో ఆడవాళ్లకు ఆ ఇంతెజామ్ లేకపోతే వాళ్లు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో కళ్లు తిరుగుతాయి. అప్పుడు మనం, ఆడవాళ్లకు తాఖత్ లేదు అంటాం. ఇప్పుడు దారి చూసొచ్చేవాళ్లలో ఒక ఆడమనిషి తప్పనిసరి. ఒక బత్తాయి తోట యజమానిని అడిగితే "గేటు తీసే ఉంటది, వాడుకోండ్రి" అన్నాడు. అడగడమే మన పని. బురఖా అంచు తుమ్మముళ్లకు పట్టుకోని బాట ఏదో, చెప్పులతో దిగలేని బండ ఏదో కూడా ఆమెకే తెలుస్తుంది.

ఇక బయటి లోకం. ఇరవై మంది, టోపీలు, గడ్డాలు, బురఖాలు, పొద్దున్నే పొలాల మధ్య నడుస్తుంటే ఊళ్లో వాళ్లు చూడరా? చూస్తారు. ఎక్కువ మంది మమ్మల్ని రియల్ ఎస్టేట్ వాళ్లం అనుకుంటారు. ఒక తాత పక్కకు పిలిచి తన ఎకరం రేటు కూడా చెప్పాడు. కానీ అన్ని చూపులూ అలాంటివి కావు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు బైకు అడ్డం పెట్టి ఆధార్ కార్డులు చూపించమన్నారు. పిల్లలు బెదిరిపోయారు. ఆ సాయంత్రం మాలో కొందరు, టోపీలు తీసేసి నడుద్దాం, ఎందుకొచ్చిన గొడవ అన్నారు. నా రాయ్ వేరే. టోపీ తీసేస్తే భయం పోదు, ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. మనం తీయాల్సింది అజ్నబీతనం. మేం ముందురోజు అదే ఊరికి వెళ్లి సర్పంచ్‌ను కలిశాం, హోటల్లో చాయ్ తాగాం, ఇత్వార్ పొద్దున ఇన్ని గంటలకు ఇటు నుంచి ఇంతమందిమి నడిచిపోతాం అని చెప్పాం. ఆ తర్వాతి నుంచి అక్కడ మమ్మల్ని ఆపినవాళ్లు లేరు, చాయ్‌కు ఆపేవాళ్లు తప్ప. అన్ని ఊళ్లలో ఇలాగే అవుతుందని నేను గ్యారంటీ ఇవ్వను. కానీ ఏటా ఒకసారి వచ్చిపోతే అజ్నబీలుగానే ఉంటాం. నెల నెలా వస్తేనే మొహాలు తెలుస్తాయి. అందుకే వానకు, పెళ్లికి, క్రికెట్ మ్యాచ్‌కు నడక క్యాన్సిల్ చేయొద్దని పట్టుబడతాను. ముగ్గురొచ్చినా నడుస్తాం. పిడుగులు పడే వాన అయితే వేరే మాట.

మా రెవెన్యూ నక్షాల్లో ఊరి దారులు గీసి ఉంటాయి, వాటిని నక్షా బాట అంటారు. కాగితం మీద బాట ఉంటుంది, నేల మీద కంచె ఉంటుంది. ఇంగ్లాండ్‌లో కూలీలు, కార్మికులు 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నడిచే హక్కు కోసం గుంపుగా వెళ్తే ఐదుగురికి జైలు పడింది. బంజరు కొండల మీద నడిచే హక్కు చట్టంగా 2000లో వచ్చింది. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. జనం నడుస్తూ ఉండే బాటను మూసేయడం కష్టం, నేను చెప్పేది అంతే.

ఇప్పుడు చాచా సవాల్. ఆడవాళ్లకు గుట్టల మీద ఏం పని? చాచా, మీరు హజ్ చేసొచ్చిన మనిషి. సఫా మర్వాల మధ్య ఏడు చక్కర్లు కలిపితే దాదాపు మూడు కిలోమీటర్లు అవుతుంది. ఆ నడక ఎవరి యాద్‌గార్? బీబీ హాజిరా అలైహిస్సలామ్‌ది. పసిబిడ్డ కోసం నీళ్లు వెతుకుతూ రెండు గుట్టల మధ్య పరిగెత్తిన ఒక తల్లిది. మన ఆడవాళ్లు ఉమ్రా కోసం ఏళ్ల తరబడి పైసా పైసా జమ చేస్తారు, దువాలు కంఠస్థం చేస్తారు, కాళ్లను మాత్రం తయారు చేసుకోరు. అక్కడికెళ్లి పాదాలు వాచి వీల్ చైర్ కోసం వెతుక్కుంటారు. మహ్రమ్‌తో, ఖాందాన్‌తో, పర్దాతో ఊరి చెరువు కట్ట మీద నడవడం మీకు జరూరత్ అనిపించకపోతే, నాకు ఇంతకంటే దలీల్ చేతకాదు.

ఖాలా ఇంకా రాలేదు. పోయిన నెల నేనే ఇంటికి వెళ్లి మాఫీ అడిగాను. నవ్వి చాయ్ ఇచ్చారు. "సోంచ్తా" అన్నారు. ఆమె బహూ మాత్రం రెండుసార్లు వచ్చింది, ఖాలా చేత్తో ఉప్పు వేసి ఉడకబెట్టిన పల్లీలు తెచ్చింది.

వచ్చే ఇత్వార్ పానగల్ కట్ట. చదునైన దారి, పోనూ రానూ ఐదు కిలోమీటర్లు, ఎక్కడ అలిసిపోతే అక్కడి నుంచి ఆటోలో వెనక్కి రావొచ్చు. ఫజర్ తర్వాత మస్జిద్ గేటు దగ్గర కలుద్దాం. ఏదైనా తిని రండి. బూట్లు వేసుకోండి. ఇత్తర్ పూసుకోకండి, తోటల్లో తేనెటీగలున్నాయి. చాచా, మీరూ రండి, చాచీని తీసుకొని. ఆఖరున నేనే నడుస్తాను.