సమరయుడు కట్టు కట్టి వెళ్లిపోలేదు

మంచి సమరయుని ఉపమానం మన సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. యెరూషలేము నుండి యెరికోకు దిగిపోయే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు. ఇద్దరూ పక్కగా వెళ్లిపోయారు. సమరయుడు ఆగి గాయాలు కట్టాడు. మన ప్రసంగాలు చాలావరకు ఇక్కడితో ముగుస్తాయి. కానీ ప్రభువు కథను ఇక్కడ ముగించలేదు (లూకా 10:30-37). సమరయుడు ఆ మనిషిని తన వాహనం మీద ఎక్కించుకొని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు.

అమెరికాలో వలసదారుల వైద్యం గురించి జరుగుతున్న వాదం వింటుంటే మాకు ఈ రెండో భాగమే గుర్తుకొస్తోంది. అక్కడ 1986లో ఒక మంచి చట్టం వచ్చింది. ప్రాణం మీదికి వచ్చి అత్యవసర విభాగానికి చేరిన మనిషిని డబ్బు లేదనో, పౌరుడు కాడనో ఆసుపత్రి వెళ్లగొట్టకూడదు. పరిస్థితి కుదుటపడే వరకు చూడాలి. అంటే గాయం కట్టడం వరకు చట్టం ఒప్పుకుంది. పూటకూళ్ల ఇంటి ఖర్చు మాత్రం ఆ చట్టంలో లేదు.

ఈ లోటు ఎంతటిదో కిడ్నీ రోగిని చూస్తే తెలుస్తుంది. రెండు కిడ్నీలూ చెడిపోయినవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. అమెరికా పౌరుల్లో దాదాపు అందరికీ ఈ ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వ బీమా భరించే ఏర్పాటు 1972లోనే జరిగింది. అనుమతి పత్రాలు లేని వలస కూలీకి అది వర్తించదు. అనేక రాష్ట్రాల్లో అతడు ఊపిరి ఆడనంతగా ఒంట్లో నీరు చేరేదాకా, పొటాషియం గుండెను ఆపేంతగా పెరిగేదాకా ఆగి, అప్పుడు అత్యవసర విభాగానికి వెళ్లాలి. పరీక్షలో అంత ప్రమాదం కనబడకపోతే ఇంటికి పంపేస్తారు. బతకడానికి పదే పదే చావు అంచు దాకా వెళ్లి రావాలి.

దీని ఫలితాన్ని వైద్యులే లెక్కగట్టారు. హ్యూస్టన్, డెన్వర్ నగరాల్లో ఇలా అత్యవసర డయాలసిస్ మాత్రమే దొరికిన వలసదారులను, శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రమం తప్పకుండా డయాలసిస్ దొరికిన వలసదారులతో పోల్చి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. మొదటివారికి ఐదేళ్లలో మరణించే ముప్పు 14 రెట్లు ఎక్కువగా ఉంది. పోనీ, ప్రజాధనం మిగిలిందా అంటే అదీ లేదు. డల్లాస్‌లో జరిపిన మరో అధ్యయనం 2019లో వచ్చింది. క్రమమైన డయాలసిస్ ఇస్తేనే ఒక్కో రోగి మీద నెలకు 5 వేల డాలర్లకు పైగా ఆదా అవుతున్నట్టు అందులో తేలింది. కొలరాడో రాష్ట్రం 2019లో తన నిబంధన మార్చుకొని, ఈ రోగులకు క్రమమైన డయాలసిస్ ఇవ్వడం మొదలుపెట్టింది.

కానీ గాలి ఇప్పుడు ఎదురు దిక్కుకు వీస్తోంది. కాలిఫోర్నియా 2024 జనవరిలో, పత్రాలు ఉన్నా లేకున్నా, పేదలందరికీ అన్ని వయసులవారికీ తన ప్రభుత్వ వైద్య పథకాన్ని తెరిచింది. ఏడాదిన్నర తిరగకముందే, 2026 జనవరి నుంచి పత్రాలు లేని పెద్దలను కొత్తగా చేర్చుకోరాదని 2025 బడ్జెట్‌లో నిర్ణయించింది. 2025 జూలైలో వచ్చిన కేంద్ర చట్టమైతే, చట్టబద్ధంగా ఆశ్రయం పొందిన శరణార్థులలో అనేకులను కూడా 2026 అక్టోబరు నుంచి పేదల వైద్య పథకానికి అనర్హులను చేసింది.

వైద్యం మనిషికి దయతో ఇచ్చేదా, హక్కుగా అందవలసినదా? ఐక్యరాజ్యసమితి 1948లో చేసిన మానవ హక్కుల ప్రకటన, 25వ అధికరణంలో, వైద్య సంరక్షణను ప్రతి మనిషి హక్కుల్లో చేర్చింది. అక్కడ ఉన్న మాట పౌరుడు కాదు, ప్రతి మనిషి. దానికి ఎన్నో శతాబ్దాల ముందటి ధర్మశాస్త్రం కూడా ఇదే దారి చూపింది. మీ దేశంలో నివసించే పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూసి ప్రేమించమని దేవుడు ఆజ్ఞాపించాడు, మీరూ ఐగుప్తులో పరదేశులే గదా అని కారణం చెప్పాడు (లేవీయ 19:34).

అయితే చట్టాన్ని మీరి వచ్చినవారికి ఇదంతా ఎందుకని కొందరు విశ్వాసులు అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘాల్లోనూ ఈ మాట వినబడుతోంది. మేము సరైన దారిలో, వీసా తీసుకొని వచ్చామని వారంటారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. సరిహద్దును కాచుకొనే అధికారం ప్రభుత్వానికి ఉంది (రోమా 13). ఎవరు ఉండాలో, ఎవరు తిరిగి వెళ్లాలో న్యాయస్థానం తేల్చనివ్వండి. కానీ ఆ తీర్పు డయాలసిస్ గది గుమ్మంలో ఇవ్వవలసినది కాదు. నేరం రుజువై జైల్లో ఉన్న ఖైదీకి కూడా వైద్యం ఆపడం లేదు గదా! పైగా మనవాళ్ల భద్రత మాత్రం ఎంతపాటిది? ఉద్యోగం పోతే దానితో వచ్చిన బీమా పోతుంది. 1996 చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు వచ్చాక కూడా చాలామంది పేదల వైద్య పథకం కోసం ఐదేళ్లు ఆగాలి.

నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగింది ఎందుకు? ఎంతవరకు ప్రేమిస్తే చాలో తెలుసుకోవడానికి. ప్రభువు ఆ హద్దు గీయలేదు. పడి ఉన్నవాడికి పొరుగువాడైనది ఎవరని తిరిగి అడిగాడు.

తెలుగు సంఘాలకు ఈ విషయంలో పాత బాకీ ఉంది. అన్నా కుగ్లర్ అనే వైద్యురాలు 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. అమెరికా లూథరన్ స్త్రీల కానుకలతో 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ కానుకలిచ్చిన తల్లులు మన ముఖం చూసినవారు కారు, మన భాష తెలిసినవారు కారు. మన పూటకూళ్ల ఇంటి ఖర్చు వారు భరించారు.

ఆ బాకీ తీర్చడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. వారు ఈ దేశ పౌరులే. అయినా మన రాష్ట్రపు కార్డు ఉండదు, మన భాష రాదు. బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రికి ఎలా వెళ్లాలో, చీటీ ఎక్కడ రాయించాలో తెలియదు. బట్టీ దగ్గరలో ఉన్న సంఘం ఒక పని చేయవచ్చు. రోగితో పాటు ఒక మనిషి వెళ్లాలి. రెండోసారి చూపించడానికి, మందులకు, ఆ రోజు పోయిన కూలికి కానుకల్లోంచి కొంత తీసిపెట్టాలి. స్త్రీల సమాజం పూనుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు.

రోగిగా, పరదేశిగా ప్రభువే మన ముందు నిలబడతాడని మత్తయి 25వ అధ్యాయం హెచ్చరిస్తోంది. ఆనాడు ఆయన మన పత్రాలు అడగడు. రెండు దేనారాల లెక్క అడుగుతాడు. ఆ లెక్క అప్పజెప్పే ధైర్యం దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.