తిరిగిరాని విమానములు

సముద్రము మనుష్యుని గొనిపోయినచో నింటివారికి మిగులు దుఃఖమెట్టిదో దివిసీమవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీనాటి యుప్పెనలో వేలకొలది ప్రజలు మడిసిరి. అనేకుల శవములు గుర్తింపునకు రాలేదు, కొందఱివి దొరకనేలేదు. చచ్చెనని యేడ్వను లేక, బ్రదికెనని యూరడిల్లను లేక ఎన్ని కుటుంబములు వేచియుండెనో! ఆ యెఱుకగల తీరవాసులకే మేమిప్పుడు బంగాళాఖాతములో గూలిన కొన్ని బాంబరు విమానముల సంగతి విన్నవించుచున్నాము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వైచినవి. యుద్ధము ఆంధ్రతీరమును దాకిన దినమది. మూడు దినములకు, 9వ తేదీన, సింహళమునకు తూర్పున నున్న జపాను నౌకాదళమును గొట్టుటకై బ్రిటిషు వైమానికదళపు 11వ స్క్వాడ్రనుకు జెందిన తొమ్మిది బ్లెన్‌హీము బాంబర్లు దానిపైకి బోయినవి. వెంట రక్షణ విమానమొక్కటియును లేదు. వైచిన బాంబులు అకాగి యను నాయకనౌకకు సమీపమున నీట బడినవేకాని యే యోడకును తగులలేదు. తొమ్మిదింట నైదు తిరిగిరాలేదు. ఒక్కొక్కదానికి ముగ్గురు చొప్పున సిబ్బంది: నడుపువాడు, దారి చూచువాడు, తుపాకి పట్టువాడు.

సమాధికి నోచుకొనని యిట్టివారి పేళ్లు సింగపూరులోని క్రాంజి స్మారకమున జెక్కబడియున్నవి. అచ్చటి పేళ్లు 24,000కు మించును. అందు భారతీయ సైనికుల పేళ్లును వేలకొలది గలవు.

ఆ విమానములు మనలను దాస్యమున నుంచిన ప్రభుత్వమువి. వానికై మనమేల చింతింపవలెనని యడుగువారుందురు. ఆ ప్రశ్న నిర్హేతుకము కాదు. 1939లో వైసరాయి లిన్‌లిత్‌గో ప్రజాప్రతినిధుల నడుగకయే భారతదేశమును యుద్ధమున దింపెను. ఆ యన్యాయమును జాతి మఱవలేదు, మఱవరాదు. బాంబరు విమానపు పనియే ప్రాణహరణమనియు మేమెఱుగుదుము. విశాఖలో బాంబులకు బలియైనవారు మనవారే గదా! అయినను యుద్ధమును నిశ్చయించినవారొకరు, దానిలో మడిసినవారొకరు. ఎవడు, ఎచ్చట, ఎట్లు పోయెనో తేల్చుట పొగడ్త కానేరదు. అది మృతునకు మనుష్యులు తీర్పవలసిన బాకీ.

ఆ బాకీ ఎన్నియేండ్లకైనను తీఱునని చూపు దృష్టాంతమొకటి మన దేశముననే గలదు. 1944 జనవరి 25వ తేదీన చీనాలోని కున్‌మింగు నుండి అస్సాములోని చబువాకు వచ్చుచున్న 'హాట్ యాజ్ హెల్' అను అమెరికా లిబరేటరు బాంబరు ఎనమండుగురితో మాయమయ్యెను. 2006లో అరుణాచల పర్వతములందు దాని శకలములు గానవచ్చినవి. 2016లో, డెబ్బదిరెండేండ్లకు, అచ్చట దొరికిన మృతావశేషములు అమెరికాకు బంపబడినవి.

అదే 2016లో, జూలై 22వ తేదీన, తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు బోవుచున్న మన వాయుసేన ఆన్-32 విమానము 29 మందితో బంగాళాఖాతమున నదృశ్యమయ్యెను. అది బాంబరు గాదు, కాలము యుద్ధకాలము గాదు. ఇంటివారి దుఃఖము మాత్రమొక్కటే. అందెనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున బనిచేయువారు. 2024 జనవరిలోగాని, చెన్నపట్టణపు తీరమునకు 140 నాటికల్ మైళ్ల దూరమున, 3,400 మీటర్ల లోతున దాని శకలములు యంత్రసహాయమున గానవచ్చెనని రక్షణశాఖ ప్రకటింపలేదు. ఏడేండ్లకుపైగా ఆ గృహములవారు ఈ యొక్క వార్తకై కనిపెట్టుకొనియుండిరి.

కావున ప్రభుత్వమును మేము రెండు కోరుచున్నాము. 1942 మొదలు 1945 వఱకు మన తీరమున, మన సముద్రమున పోయిన విమానముల వృత్తాంతములను సేకరించి తెలుగున బ్రకటింపవలెను. జాలరుల వలలో బాత లోహఖండములు పడినచో, అవి పాతయినుము క్రింద నమ్ముడుపోకముందే తెలుపుకొనుటకు ప్రతి రేవునందును నొక యధికారిని నియమింపవలెను.

ప్రజలు చేయదగిన పనియును గలదు. 1942ను కన్నులార జూచినవారు నేడు తొంబదేండ్లు దాటిన వృద్ధులు. బందరు, గుడివాడ, అవనిగడ్డ పఠనమందిరములవారు అట్టి పెద్దల యిండ్లకు బోయి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. ఆలస్యము చేసినచో నడుగుటకు వారుండరు.